కొలిచాకే విప్పండి: ఒక మల్టీమీటర్ ఆత్మకథ

నేను మల్టీమీటర్‌ని. ఐటీఐ వర్క్‌షాపుల్లోనూ, ఆటోనగర్ షెడ్లలోనూ అందరికీ ఉత్త 'మీటరు'నే. నా వంశానికి నూరేళ్లు దాటాయి. వోల్టులకొకటి, ఆంపియర్లకొకటి, ఓములకొకటి పరికరాలు మోసుకు తిరగడంతో విసిగిన బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు డొనాల్డ్ మెకడీ మూడింటినీ ఒకే పెట్టెలో ఇమిడ్చారు. 1923లో అది ఏవోమీటరుగా బజారుకొచ్చింది. అప్పటి ముల్లు పోయి ఇప్పుడు నాకు అంకెల తెర వచ్చింది కానీ, అనుమానాన్ని అంకెగా మార్చే పని మాత్రం మారలేదు. అందుకే బండి మెకానిక్ చదువు మీద నాకొక గట్టి అభిప్రాయం ఉంది. విప్పడం, బిగించడం ఎవరైనా అభ్యాసంతో నేర్చుకుంటారు. విప్పకముందే లోపం ఎక్కడుందో రుజువు చేయగలిగినవాడే మెకానిక్. శిక్షణలో మొదటి పీట ఆ రుజువుకే వేయాలి.

కీ తిప్పితే సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందనుకోండి. అలవాటు చొప్పున ముందు బ్యాటరీ మారుస్తారు, అయినా తగ్గకపోతే సెల్ఫ్ మోటారు విప్పుతారు. బండి ఆపి ఉంచాక బ్యాటరీ మీద నేను 12.6 వోల్టులు చూపితే అది నిండుగా ఉన్నట్టే. అప్పుడు నా ఒక తీగను బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద, రెండోదాన్ని ఇంజన్ బ్లాకు మీద ఆనించి సెల్ఫ్ కొట్టాలి. ఎర్త్ కేబుల్ బాగుంటే అర వోల్టు కూడా రాదు. ఒక వోల్టు దాటిందంటే ఆ మేరకు శక్తి దారిలోనే వృథా అవుతోంది. తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు విప్పి, ఎమరీ పేపర్‌తో రుద్ది బిగిస్తే చాలాసార్లు పని అయిపోతుంది. అదే కేబుల్‌ను సెల్ఫ్ కొట్టకుండా ఓముల్లో కొలిస్తే, లోపల పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా నా తెర మీద దాదాపు సున్నాయే కనబడుతుంది. కాబట్టి ప్రతి విద్యార్థికీ ఒక మీటరు కొనిచ్చినంతలో చదువు పూర్తికాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత లోడు మీద కొలవాలో తెలియకపోతే నిజమైన అంకె కూడా దారి తప్పిస్తుంది.

స్కానర్ ఉండగా ఈ తంటా అంతా దేనికని అడిగేవారున్నారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక బళ్లలో సెన్సర్ల ప్రాధాన్యం ఇంకా పెరిగింది. పదహారు పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే ఏ వైపు వెతకాలో క్షణాల్లో తెలుస్తుంది, ఆ మేలు కాదనలేనిది. అయితే స్కానర్ చూపే పీ0171 లోపం కోడ్‌నే తీసుకోండి. పెట్రోలుతో పోలిస్తే గాలి ఎక్కువైందని మాత్రమే అది చెబుతుంది. ఇన్‌టేక్ గొట్టం చిట్లి ఉండొచ్చు, పెట్రోలు పంపు ప్రెషర్ పడిపోయి ఉండొచ్చు, గాలిని కొలిచే సెన్సర్‌కు మురికి పట్టి ఉండొచ్చు. ఏదీ తేల్చుకోకుండా ఆక్సిజన్ సెన్సర్ మార్చేయడం నాడి చూడకుండా మందు రాయడమే. స్కానర్‌కు బండితో అసలు మాటే కలవకపోతే మళ్లీ నేనే దిక్కు. చాలా బళ్లలో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైను రెండు కొసలా చెరొక 120 ఓముల రెసిస్టర్ ఉంటుంది. బ్యాటరీ తీసేసి సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 60 రావాలి. 120 వస్తే ఒక కొస తెగిందని అర్థం.

ఏ మీటరూ లేకుండానే తరతరాల మేస్త్రీలు ఇంజన్ చప్పుడు విని లోపం చెప్పారు కదా అన్నది ఇంకా బలమైన వాదన. అది ముమ్మాటికీ నిజం. ట్యాపెట్ చప్పుడుకూ బేరింగ్ చప్పుడుకూ తేడా పట్టే చెవి గొప్ప పరికరమే, దాన్ని గౌరవించని శిక్షణ దండగ. కానీ ఆ చెవి తయారుకావడానికి ఏళ్లు పడతాయి, పైగా అయిదు వోల్టుల సెన్సర్ తీగలో వచ్చిన తేడాకు చప్పుడుండదు. షెడ్డు అనుభవమూ తరగతి లెక్కా కలవాలన్న ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. వృత్తి శిక్షణ పథకం 1950లోనే మొదలైంది, అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. ఇక కొలుస్తూ కూర్చుంటే గిరాకీ పోతుందనేవారికి నా జవాబు ఒక్కటే. పది నిమిషాల కొలత తప్పించే ఖర్చు ఒక సెల్ఫ్ మోటారు ధర. ఆ డబ్బు బండి యజమాని జేబులోది, అతని నమ్మకమే షెడ్డుకు పెట్టుబడి.

ఎలక్ట్రిక్ కార్లతో ఈ వాదన మరింత బలపడింది. అక్కడ వందల వోల్టులుంటాయి. సర్వీస్ ప్లగ్ లాగి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, అంత వోల్టేజీకి తగిన రేటింగ్ ఉన్న మీటరుతో సున్నా చూశాకే చేయి పెట్టాలి. ఆ కొలత మీద మనిషి ప్రాణమే ఆధారపడుతుంది. అందుకే రెండేళ్ల మోటార్ వెహికల్ మెకానిక్ కోర్సులో నేను కోరే మార్పు చిన్నదే. పరీక్షలో కావాలని ఒక లోపం పెట్టిన బండి ఇవ్వండి. ఏం కొలిచాడో, ఎంత వచ్చిందో, దాన్నిబట్టి ఏ భాగాన్ని అనుమానిస్తున్నాడో విద్యార్థి చేత రాయించండి. ఆ కాగితం సరిగా ఉంటేనే స్పానర్ చేతికివ్వండి. బిగింపుకు ఎన్ని మార్కులు వేస్తారో ఆ కాగితానికీ అన్నే వేయండి. అలా గట్టెక్కినవాడు రేపు ఏ కొత్త బండి వచ్చినా బెదరడు.