లోకాలు వేరు, లాకరు ఒకటే

వేర్వేరు కథల్లో పుట్టిన పాత్రలు ఒకే కథలో కలుసుకోవడాన్ని కామిక్స్ వ్యాపారంలో క్రాసోవర్ అంటారు. సూపర్ హీరోయిన్ల క్రాసోవర్ అందులో ఒక శాఖ. లోకాలన్నీ మునిగిపోయే ముప్పు వస్తుంది. మగ హీరోలకు సరిగ్గా ఆ వారమే వేరే పని పడుతుంది. అంగారకుడి మీద నుంచి ఒకామె, అడవిలో నుంచి ఒకామె, పాతకాలపు లండన్ నుంచి ఒకామె వచ్చి చేతులు కలుపుతారు. ఇది ఆడవాళ్ళ ఐకమత్యమని, ఇటువంటిది ఇదివరకెన్నడూ జరగలేదని ప్రచురణకర్తలు చాటిస్తారు. ఎన్నడూ జరగనిది ఏడాదికోసారైనా జరుగుతూ ఉంటుంది.

లోకాల మధ్య తలుపు తెరిచేది మాయావి అని కథలో రాస్తారు గానీ, తెరిచేది లాయరు. 1976లో సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ ఒకే పుస్తకంలో ఎదురుపడ్డారంటే డీసీ, మార్వెల్ కంపెనీలు కాగితాల మీద సంతకాలు చేసుకోబట్టే. ఏ పాత్ర ఎవరికి స్నేహితురాలు కాగలదో ఆమె మనసు చెప్పదు, హక్కుల పత్రం చెబుతుంది.

స్నేహానికి ముందు కొట్లాట తప్పనిసరి. ఇద్దరూ మంచివాళ్ళే, అయినా అపార్థం వస్తుంది, పేజీల కొద్దీ బాదుకుంటారు, ఆపైన అసలు శత్రువు గుర్తుకొస్తాడు. తెలుగు ప్రేక్షకులకు ఈ సూత్రం కొట్టినపిండి. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’ నాటకంలో కృష్ణార్జునులు తలపడ్డదీ, 1963లో కె.వి.రెడ్డి సినిమాలో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఎదురెదురుగా నిలబడ్డదీ ఈ దారిలోనే. తేడా ఒక్కటి: అక్కడ గెలుపోటములను జనం ఓట్లకు వదల్లేదు. 1996లో డీసీ, మార్వెల్ కలిసి పెట్టిన పోటీలో కొన్ని జంటల ఫలితాన్ని పాఠకుల ఓట్లకే వదిలేశారు. వాటిలో ఆడవాళ్ళ జంట ఒక్కటే: డీసీ వారి వండర్ వుమన్, మార్వెల్ వారి స్టార్మ్. ఆ కథలో థోర్ సుత్తి వండర్ వుమన్ చేతికి చిక్కుతుంది. అది పట్టుకుని గెలిస్తే ధర్మయుద్ధం కాదని ఆమె దాన్ని పక్కన పడేస్తుంది. మరుక్షణం స్టార్మ్ పిడుగులు కురిపిస్తుంది, వండర్ వుమన్ పడిపోతుంది. ఓట్లు స్టార్మ్‌కే ఎక్కువ పడ్డాయి మరి. ధర్మానికి ఓటుహక్కు లేదు.

ఆ ఏడాదే రెండు కంపెనీలూ తమ లోకాలను కలిపేసి, ఈ ఇద్దరినీ కరిగించి ‘అమెజాన్’ అనే ఒకే మనిషిగా పోతపోశాయి. ఇద్దరు ఆడవాళ్ళ ఐకమత్యం ఇంత పొదుపుగా ఇంకెక్కడా సాధ్యపడలేదు.

పూర్తిగా హీరోయిన్లతోనే నడిచిన క్రాసోవర్లలో చెప్పుకోదగ్గది 2015లో డైనమైట్ సంస్థ తెచ్చిన ‘స్వోర్డ్స్ ఆఫ్ సారో’. వాంపిరెల్లా, రెడ్ సోన్యా, డెజా థోరిస్ ఇందులో ముఖ్యులు. ఒక్కొక్కరికీ ఒక మాయకత్తి ముడుతుంది. పక్క కథల్లో జంటలు కుదిర్చారు: 1912లో పుట్టిన అంగారక రాకుమారి డెజా థోరిస్‌కు, 1891 నాటి షెర్లాక్ హోమ్స్ కథలోని ఐరీన్ ఆడ్లర్ తోడు. ఈ ఇద్దరినీ కలిపింది ఏ విధి లిఖితమో కాదు, వయసు. అంత పాత కథలకు అమెరికాలో కాపీరైట్ గడువు తీరిపోయింది. న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి: ముఖ్య కథ గేల్ సిమోన్ రాసింది, పక్క కథలకూ రచయిత్రులనే పిలిచారు. ఇది మెచ్చుకోవలసిన పనే. ముఖ్య కథకు బొమ్మలు గీసింది మాత్రం మగవాడే, సెర్జియో డావిలా.

దుస్తుల సంగతి వేరే చెప్పాలి. రెడ్ సోన్యాది యుద్ధకవచమట. ఇనుప బిళ్ళలతో అల్లిన బికినీ అది. పొట్ట, వీపు, తొడలు, గొంతు, అంటే శత్రువు కత్తి దిగడానికి వీలున్న చోట్లన్నీ వదిలి తక్కినవి కాపాడుతుంది. వాంపిరెల్లా ఉడుపులో ఆ మాత్రం ఇనుము కూడా లేదు. ఐకమత్యం సాధించిన స్త్రీలందరూ అట్టమీద ఒకే కోణంలో నడుం తిప్పి నిలబడడం ఈ కళ ప్రత్యేకత.

అట్టలు కూడా ఒకటి కాదు. ఒకే సంచికకు నాలుగైదు వేస్తారు. ధర్మవరం పట్టుచీరల కొట్లో ఒకే చీరను అంచు మార్చి నాలుగుసార్లు చూపించినట్టు, అభిమాని ఒకే కథను నాలుగుసార్లు కొంటాడు. చీర కొన్నవాళ్ళు కట్టుకుంటారు. ఇతను ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాస్తాడు.

పాత్రలు కథల గోడలు దూకడం ఆ ధర్మవరం పక్కనా ఉంది. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగానే, ఏ పురాణంలోనూ లేని బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు తెరమీదికి దూకుతారు. రావణుడి కొలువు దాటిన మరునిమిషంలో బంగారక్క నోరు విప్పి మొగుణ్ణి దులిపేస్తుంది, వినరాని మాటలు కూడా అంటుంది. ఆడ పాత్రల గొంతు ఆట ఆడించే కుటుంబంలోని ఆడవాళ్ళదే. కాళ్ళకింద చెక్కపలక తొక్కితే అదే యుద్ధపు చప్పుడు. మేకతోలును పలచన చేసి, చిల్లులు పొడిచి, రంగులద్దిన సీతమ్మకు ఒంటినిండా నగలూ, చీరా ఉంటాయి. ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే ఆరె కుటుంబాలు తెరవెనక తెలుగు పద్యాలు పాడడం కూడా ఓ క్రాసోవరే. దానికి ఎవరూ సంతకాలు పెట్టలేదు.

ఇంతమాత్రాన కామిక్స్ కూడా మనవాళ్ళే కనిపెట్టారని ఊరేగింపు తీయనక్కరలేదు. పుష్పకవిమానంతో మొదలైన ఆ జాబితా ఇప్పటికే చాలా పొడుగైంది. పైగా నిమ్మలకుంటలో నేడు ఎక్కువగా తయారయ్యేవి దీపాల తోలుగొడుగులు, గోడ అలంకారాలు. ఆట ఆడించేవాళ్ళు తగ్గిపోయారు. బంగారక్క మీద హక్కు ఏ కంపెనీకీ లేదు. కాబట్టి ఆమె ఏ కథలోకైనా చొరబడగలదు, కాబట్టే ఆమె ‘చారిత్రక కలయిక’ గురించి ఎవరూ ప్రకటన వేయరు.

క్రాసోవర్ కొనదలచిన పాఠకులు ఏదో ఒక అట్టతో సరిపెట్టుకోవచ్చు. లోపల కథ ఒకటే.