కొసరు కొత్తిమీర

మా చిన్నప్పుడు కొత్తిమీర ఎవరూ కొన్నట్టు గుర్తు లేదు. వంకాయలు తూచాక అమ్మ సంచీ ఇంకాస్త ముందుకు జరిపేది, కూరలమ్మి నాలుగు రెబ్బలు పైన పడేసేది. మొన్న వేసవి మొదట్లో మా వీధి బండివాణ్ని ఆ కొసరు అడిగితే, బండి రాసిమ్మన్నట్టు చూశాడు. నా బాల్కనీ సేద్యం ఆ అవమానంలోంచి మొలిచింది.

కుండీలు, కోకోపీట్, వర్మీకంపోస్టు, ఓ బుల్లి తాపీలాంటిది, అన్నీ కలిపి 1,200 రూపాయలు. కట్ట పది రూపాయల చొప్పున 120 కట్టలు పండితేగాని పెట్టుబడి రాదు. ఈ లెక్క మా ఆవిడ వేసింది.

వంటింటి డబ్బాలోంచి గుప్పెడు ధనియాలు తీసి మట్టిలో పోశాను. పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని కుండీ మీదికి వంగడం, చెంబెడు నీళ్లు పొయ్యడం. పన్నెండో రోజున మా అత్తగారు ఊరినుంచి దిగారు.

"నలిపి వేశారా అల్లుడుగారూ?"

నీళ్లు నమిలాను. ఒక్కో ధనియంలో రెండేసి గింజలుంటాయట. గోనెపట్టా మీద పోసి చెప్పుకాలితో మెల్లగా నలిపితే బద్దలుగా విడతాయట. వాటిని రాత్రంతా నానబెట్టి చల్లాలట. ఆమె కుండీలో వేలు పెట్టి, "ఇదేమిటి, చెరువా?" అన్నారు. తిరగేసి చూస్తే అడుగున చిల్లు ఉంది. సరిగ్గా దాని మీదే ధర చీటీ అంటించి ఉంది.

రెండో విడత వారం దాటాక మొలిచింది. ఇంటికొచ్చినవాళ్లందరినీ బాల్కనీలోకి లాక్కెళ్లి చూపించాను. జానెడు ఎదిగిందో లేదో, ఆకు సన్నబడి తెల్లటి పూత వచ్చేసింది. ఎండలు ముదిరితే కొత్తిమీరకు ఆకు మీద ధ్యాస పోయి గింజ మీద పడుతుంది. కార్తీకంలో వేసుకుంటే ఈ బాధ ఉండదు. కానీ నాకు అవమానం వేసవిలో జరిగింది!

పుదీనా విషయంలో మాత్రం నా ప్రయోజకత్వం ఏమీ లేదు. పచ్చడికి ఆకు దూసిన కాడలు పారెయ్యడానికి బద్ధకించి మా ఆవిడ గ్లాసు నీళ్లలో పెట్టింది. వారానికి వేళ్లొచ్చాయి. కుండీలో గుచ్చితే నెల తిరక్కుండా పక్కనున్న తులసమ్మ కుండీలోనూ కాలుపెట్టి వేరు దించింది. దానికి విడిగా, దూరంగా కాపురం పెట్టించాల్సి వచ్చింది.

కరివేపాకు మీద ఓ రోజు పిట్ట రెట్ట కనబడింది. తుడవబోతే కదిలింది! సీతాకోకచిలుక పిల్లపురుగట, చిన్నప్పుడు అదీ దాని వేషం. మా అమ్మాయి చంపనివ్వలేదు. పురుగు పచ్చగా బలిసింది, మొక్కకు ఈనెలు మిగిలాయి.

పూసిన కొత్తిమీర చివరికి ధనియాలిచ్చింది. ఎండబెట్టి కొలిస్తే రెండు చెంచాలు. మా ఆవిడ వాటిని దంచి చారులో వేసింది. గిన్నెడు చారు, 1,200 రూపాయలు. అత్తగారు రెండోసారి కూడా వడ్డించుకున్నారు.