చల్లని పొడి చోటు: సటీక తాత్పర్యము

మూలము: "చల్లని, పొడి ప్రదేశమున, వెలుతురు తగులకుండ భద్రపరచవలెను."

అవతారిక: వానలు మొదలైన జూన్‌లో మేనల్లుడు తెచ్చిన 30 గ్రాముల మాచా (పచ్చ తేయాకు పొడి) డబ్బా అడుగున ఇంగ్లీషులో ఉన్న వాక్యానికి ఇది మా తెనుగు. కర్త ఎవరో తెలియదు. సూరత్ వరాఛాలో రేకుల కింద అద్దెకున్నవాడు కాడని మాత్రం శైలి చెబుతున్నది.

టీక: చల్లని = ఏసీ గల; ప్రదేశమున = ఇంకొకరి ఇంట. 'వెలుతురు తగులకుండ' సుగమము.

'పొడి' దగ్గర ఆగాలి. నామవాచకమైతే చూర్ణం, విశేషణమైతే తడి లేనిది. 'పొడిని పొడి చోట పెట్టు' అన్నామా, అర్థభేదం ఉంది గనుక యమకం. అర్థమొకటై తాత్పర్యం మారితే లాటానుప్రాస అయ్యేది. పొడిదగ్గులో పొడి లేదు, దగ్గే ఉంది. కందిపొడికి నెయ్యి తడి తగలందే ముద్ద దిగదు. మెదక్ జిల్లా కొల్చారం వాడు మల్లినాథసూరి, అక్కర్లేనిది రాయనని ఒట్టేసుకుని కాళిదాసు కావ్యాలకు సంజీవని టీక రాశాడు. ఆ ఒట్టు మాకు లేదు. ఇంతకీ ఎక్కడున్నాం? డబ్బా.

శంక: ఫ్రిజ్ ఉన్నది గదా?

సమాధానము: చల్లనిదే, పొడిది కాదు. చల్లటి డబ్బాను తీసీ తీయగానే మూత విప్పితే గాలిలో తేమ పొడి మీద చెమరుస్తుంది. మూత ముట్టకుండా గది వేడికి రానివ్వాలి. పైగా ఈ పొడి పొరుగు వాసన పట్టేస్తుంది; మా ఫ్రిజ్‌లో దాని పొరుగు ఇంగువ. గాలీ వెలుతురూ తగిలితే పత్రహరితం చెడి పచ్చదనం మాసిపోతుంది. వచ్చినప్పటి చిలకపచ్చ ఆషాఢం దాటేలోపే గోరింటాకు పొడి రంగుకు దిగింది. ఇంటామె నిజంగానే గిన్నెలో పోసి నిమ్మకాయ కోసింది.

విశేషము: మా వీధి కార్ఖానాల్లో ఘంటీ అనే సానబల్ల చుట్టూ నలుగురేసి కూర్చుని వజ్రాలు సానపడతారు. ఆ వజ్రానికి మడత కాగితపు పొట్లం చాలు, పడీకు అంటారు. తేమకు దానికేమీ కాదు. ఆకు పొడికి మాత్రం వేరే ఇల్లు కావాలట.

తాత్పర్యము: ఒకే గదిలో ఐదుగురం. పైన రేకు కాలుతుంది, కింద గోడ చెమరుస్తుంది. చల్లని పొడి చోటంటూ ఉంటే అక్కడ మా నాన్నను పడుకోబెట్టమా?

డబ్బాల మీద రాసే మహాశయులకు మనవి: గాలి చొరని చిన్న డబ్బా ఇచ్చి, 'కొద్దిగా కొనండి, విప్పాక నెలా రెణ్నెల్లలో తాగేయండి' అని రాయండి. దానికి టీక అక్కర్లేదు.