కిర్రుమన్న పూట

నాకు గొంతుంది గానీ, అది ఎప్పుడు పడితే అప్పుడు పలకదు. నా పక్కనున్న చిన్న మీటను ముందుకు నెట్టి ఉంచినప్పుడు, గాలానికి తగులుకున్న ప్రాణి దారాన్ని లాక్కుని పారితేనే కిర్రుమంటాను. నేను గాలపు కర్రకు బిగించే రీలును. పలమనేరులో ఒకరింట్లో, కుట్టుమిషను సొరుగులో, నూనె పట్టిన బనీను గుడ్డలో చుట్టి ఉంటాను.

పోయిన ఆదివారం బెంగుళూరు నుంచి మనవరాలు వచ్చింది. ఫోను తాత ముందు పెట్టింది. ఏదో నది ఒడ్డున లాడ్జి, రెండు రాత్రులు, పడవ, గైడు, మూడు పూటలా భోజనం. కింద ధర.

"నిన్ను తీసుకుపోదామని తాతా. కానీ రెండు రాత్రులకు ఇంత దుడ్డా? అంత ఇచ్చేదానికి విలువ ఉంటాదా?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. సొరుగు లాగి, గుడ్డ విప్పి, నన్ను ఆ పిల్ల అరచేతిలో పెట్టాడు.

"దీన్నడుగు" అన్నాడు.

అడిగింది గనక చెబుతున్నాను.

నేను పుట్టింది స్వీడన్‌లో, స్వాంగ్‌స్టా అనే చిన్న ఊళ్ళో. అక్కడ 1921లో మొదలైన ఫ్యాక్టరీ నాది. అబూ అన్న దాని పేరుకు మూలం గడియారాల ఫ్యాక్టరీ అన్న స్వీడిష్ మాట. మొదట జేబు గడియారాలు చేశారు, తర్వాత టాక్సీ మీటర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో టాక్సీలు మూలబడి మీటర్లు అడిగేవాళ్ళు లేకపోతే, ఆ పళ్ళచక్రాల పనితనాన్నే చేపల రీళ్ళకు మళ్ళించారు. అంబాసిడర్ అనే మా వంశం 1952లో మొదలైంది. కదిలిన ప్రతి గజానికీ ఇంత అని లెక్కకట్టే మీటర్లు నాకు అన్నగార్లన్నమాట. అందుకే ఖర్చు సంగతి వచ్చిందంటే నాకు చెవులు నిక్కుతాయి.

నన్ను కొన్నది ఈ ఇంటి బామ్మర్ది. కువైట్‌లో డ్రైవరుగా ఉండేవాడు. రాయలసీమ నుంచి అక్కడికి పోయినవాళ్ళు ఎంతమందో లెక్క లేదు. శుక్రవారాలు సముద్రం గట్టున కూర్చుని ఒంటరితనాన్ని నాతో పంచుకునేవాడు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు బావకు ఏమివ్వాలో తోచక నన్నిచ్చాడు. బావ ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. నన్ను ఆ రాత్రే ముక్కముక్కగా విప్పి, కిరోసిన్‌లో కడిగి, మళ్ళీ బిగించాడు. అంత నేర్పుగల చెయ్యి నా మీద అంతకుముందు పడలేదు.

కానీ పలమనేరు చుట్టుపక్కల నాకు పనెక్కడిది? ఇది చెరువుల సీమ. నాలుగు వానలు పడితే చెరువు, పడకపోతే తుమ్మచెట్ల బీడు. నిండిన ఏడు పంచాయతీ పాట పెడుతుంది. పాడుకున్నవాళ్ళు బొచ్చె, రాగండి పిల్లలు వదిలి ఎండాకాలంలో వల లాగుతారు. మా ఆయన పాటదారును అడిగి, పదో పరకో చేతిలో పెట్టి, కట్ట మీద వేపచెట్టు నీడన కూర్చునేవాడు. వేరుశనగ చెక్క, గోధుమపిండి కలిపిన ఎర. అరచేతి మందం జిలేబీ చేపకు నా గొంతు లేవదు. ఒకటి రెండుసార్లు కిలోన్నర బొచ్చె కాస్త కదిలించింది. ఏళ్ళకేళ్ళు నేను దాదాపు మూగగా ఉన్నాను. ఆ రోజులు వృథా అని మాత్రం అనను. ఆయన తన కొడుక్కి ఓపిక పట్టడం నేర్పింది ఆ కట్ట మీదే.

2004 ఫిబ్రవరిలో బయలుదేరాం, గాలిబోరెకు. కర్ణాటకలో, కావేరి ఒడ్డున, కనకపుర దాటి సంగమ అవతల అడవిలో ఉందా చేపలు పట్టే క్యాంపు. పలమనేరు నుంచి బెంగుళూరు బస్సు, అక్కడి నుంచి మరో బస్సు, చివర జీపు. చిత్తూరు జిల్లావాడికి అది దూరదేశం కాదు, పక్కింటి అడవి. డబ్బే దూరం. రెండు రాత్రులకు ఆయన నెల జీతంలో సగానికి పైన అయింది.

ఇంట్లో ఆమె ఒప్పుకోలేదు. "పట్టుకునేదానికి దుడ్డు సరే, పట్టి మళ్ళా యిడిచిపెట్టాలంటివి. యిడిచిపెట్టేదానికి కూడా దుడ్డు కట్టాల్నా?"

న్యాయమైన ప్రశ్న. అప్పట్లో అక్కడి నియమం అదే: పట్టిన చేపను తూచి, ఫొటో తీసుకుని, ప్రాణంతో నీళ్ళలోకి వదలాలి. ఆయన దగ్గర జవాబు లేదు. చివరికి ఆమే ఒక మాట అంది: "వదిలేదైతే పో. పెద్ద చేపను చంపద్దు. నాగలాపురం స్వామి చేప రూపమే గదా." శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరిట కట్టించిన ఊరది. అక్కడ వేదనారాయణస్వామికి నడుము కింద మత్స్యరూపం. సోమకాసురుడు ఎత్తుకుపోయిన వేదాలను చేపగా వెళ్ళి తెచ్చినవాడు.

ఆ షరతు మీద పోయాం.

క్యాంపులో మంచం బాగుంది, భోజనం బాగుంది. వాటి గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు. అంతకంటే మంచి మంచాలు అంతకంటే తక్కువకు తిరుపతిలో దొరుకుతాయి. నేను చెప్పవలసింది ఆ గైడు గురించి.

నదికి ఆవలి ఊరివాడు. సన్నటి మనిషి, కాళ్ళకు చెప్పులు లేవు. కన్నడం, అరవం కలిపి మాట్లాడేవాడు. పలమనేరువాళ్ళకు రెండూ అర్థమవుతాయి గనక ఇద్దరికీ పొద్దుపోయేదాకా మాటలే. తెల్లవారుజామున పొయ్యి మీద ఎసరు పెట్టి రాగిపిండి కెలికాడు. ఆ వాసనకు మా ఆయన గభాలున లేచి కూర్చున్నాడు. సొంత ఇంటి వాసన అది. రాగి సంగటి! గైడు దాన్ని పిసికి, నిమ్మకాయంత ఉండలు చేసి, మరుగుతున్న నీళ్ళలో మళ్ళీ ఉడికించాడు, ప్రవాహంలో విడిపోకుండా గట్టిపడేదాకా. కావేరిలోని మహసీర్ అనే పెద్ద చేపకు ఎర అదే. మన సీమలో ముద్ద మింగి చేనికి పోయే మనిషి బలం దేనిలో ఉందో, ఆ చేపకూ అది తెలిసినట్టుంది.

మొదటి రోజు ఏమీ పడలేదు. ఏడు గంటలు. నేనైతే నిద్రపోయాను. గైడు మాత్రం నీళ్ళను చదువుతూనే ఉన్నాడు. ఎక్కడ సుడి తిరుగుతోంది, ఏ బండ వెనక నీరు నల్లగా నిలిచింది, నీటికుక్కలు ఏ మడుగు వదిలి ఏ మడుగుకు పోయాయి. మొసలి ఎండ కాచుకునే బండ దగ్గర మమ్మల్ని కూర్చోనివ్వలేదు. సాయంత్రం ఏనుగులు దిగే దారి చూపించి, చీకటి పడకముందే లేపాడు. వీటిలో ఏదీ ధరల పట్టికలో రాయలేదు.

రెండో సాయంత్రం పుట్టిలో ఒక పాయ దాటించి, రెండు బండల మధ్య సందు చూపి, "ఇక్కడ" అన్నాడు. ఉండ నీళ్ళలో పడింది. అరగంట. దారం ఒక్కసారి వదులైంది, వెంటనే బిగిసింది.

అప్పుడు పలికాను. పుట్టాక అంత గట్టిగా ఎన్నడూ పలకలేదు. నూరు గజాల దారం కళ్ళు మూసి తెరిచేంతలో పోయింది. నా లోపలి బిళ్ళలు వేడెక్కాయి. చేప బండల్లోకి దూరి దారాన్ని రాతికి చుట్టింది. మా ఆయన చేతులు వణికాయి. లాగితే తెగుతుంది, లాగకపోతే పోతుంది. గైడు ఆయన్ను పుట్టిలోకి ఎక్కించి, తెడ్డుతో గుండ్రంగా తిప్పుతూ ఎగువకు పోయి, రాతి అవతలి వైపు నుంచి దారాన్ని విడిపించాడు. తర్వాత ఇరవై నిమిషాలు చేప ఇష్టం, మా ఇష్టం సమానంగా సాగాయి.

ఒడ్డుకొచ్చినప్పుడు చూశాను. అరచేతి నిండేంత పొలుసులు, లావుపాటి పెదవులు, నీలిరంగు రెక్కలు. దవడల్లో పళ్ళు ఉండవు, గొంతులో ఉంటాయి. ఎండ్రకాయను నలిపేసేంత బలం. 24 పౌండ్లు, అంటే 11 కిలోలకు కాస్త తక్కువ. తూకం అయ్యాక గైడు దాన్ని మళ్ళీ నీళ్ళలోంచి ఎత్తనివ్వలేదు. తల ఎదురునీటికి తిప్పి, పొట్ట కింద రెండు చేతులు పెట్టి, మొప్పలు సరిగ్గా ఆడేదాకా నడుములోతు నీళ్ళలో నిలబడ్డాడు. అది తోకతో ఒక్కటి కొట్టి వెళ్ళిపోయింది. మా ఆయన ఒడ్డున కూర్చుని ఏడ్చాడు.

రాత్రి నెగడు దగ్గర గైడు తన కథ చెప్పాడు. ఒకప్పుడు ఇదే నదిలో మందు పేల్చి చేపలు పట్టేవాడట. ఒక్క తూటాకు మడుగంతా తెల్లగా తేలేది, పెద్దవీ పిల్లవీ. వాటిని అమ్మితే వచ్చేది రెండు రోజుల కూలి. క్యాంపులో పని దొరికాక, బతికున్న ఒక్క చేప ఏటేటా ఎంతమందిని రప్పిస్తుందో తెలిసొచ్చింది. ఇప్పుడు రాత్రిపూట పేలుడు వినిపిస్తే పరుగెత్తేది తనేనన్నాడు. మా ఆయన జేబులోంచి పోయిన సగం జీతంలో ఈ మనిషి కాపలా ఉంది. నా మీటరు అన్నగార్లు లెక్క వేస్తే ఆ అంకె దగ్గరే ఆగేవాళ్ళు.

నిద్రపోయేముందు అతను ఒక పుస్తకంలో రాశాడు: ఎన్ని గంటలు, ఎన్ని చేపలు, ఎంత తూకం, ఏ రకం. అదేదో క్యాంపు మామూలు లెక్క అనుకున్నాం.

ఆ నదిలో రెండు రకాల మహసీర్లు. మేం పట్టింది నీలిరెక్కలది. లోనావాలాలో టాటాల కేంద్రంలో పెంచిన పిల్లలను మంచి ఉద్దేశంతోనే తెచ్చి కావేరిలో వదిలితే పెరిగిన సంతతి. అసలు కావేరి బిడ్డ వేరే ఉంది, మూపురం ఉన్న మహసీర్. మైసూరు వాన్ ఇంగెన్ కుటుంబీకుడు డి వెట్ 1946లో 120 పౌండ్ల చేపను పట్టిన కథ గైడ్లందరికీ కంఠతా వచ్చు. ఆ నది ఒడ్డు అభయారణ్యం గనక 2012 నాటికి అక్కడ గాలం వేయడం నిషిద్ధమై, క్యాంపుల్లో ఆ పని ఆగిపోయింది. వన్యప్రాణి ఉన్నచోట వేట వద్దన్న మాట సబబే, నేను కాదనను. కానీ గాలాలతో పాటు ఒడ్డున తిరిగే కళ్ళు కూడా తగ్గాయి. ఆ కళ్ళకు మరోలా జీతం చూపి ఉండాల్సింది. ఇది నాలో ఇంకా గుచ్చుకునే ముల్లు.

ఆ తర్వాత పరిశోధకులు గాలిబోరె పుస్తకాలు తెరిచారు. 1998 నుంచి 2012 దాకా 23,620 గంటలు గాలం వేస్తే 6,161 మహసీర్లు దొరికాయి. దాదాపు నాలుగు గంటలకు ఒకటి. పైపైన చూస్తే ఏటేటా చేపల సంఖ్య పెరిగింది, కానీ సగటు బరువు తగ్గింది. విడదీసి చూస్తే నీలిరెక్కలవి పెరిగాయి, మూపురంవి తగ్గిపోయాయి. మిగిలిన ఆ కొద్దివీ పెద్దవే, పిల్లలు కనబడలేదు. ముసలివాళ్ళే మిగిలిన ఊరులా. ఆ మూపురం చేపకు శాస్త్రీయ నామం టోర్ రెమాదేవి అని తేల్చింది 2018లో. తీవ్రంగా అంతరించే ముప్పున్న జాతి అని ప్రకటించిందీ అదే ఏడు. డబ్బు కట్టి గాలం వేసినవాళ్ళ గంటలు లేకపోతే ఆ లెక్క తేలేది కాదు. ఆ గంటల్లో మావీ ఉన్నాయి. ఆ చేపల్లో ఒకటి నా కిర్రు.

డబ్బు పోగొట్టుకున్న సంగతీ చెప్పాలి. కొన్నేళ్ళ తర్వాత కొడుకు సరదాపడి మరో చోటికి తీసుకుపోయాడు. ఆ ఊరూ పేరూ చెప్పను. గైడని పంపినవాడికి చేపల పేర్లే తెలియవు. సిమెంటు గుంటలో మేత మరిగిన చేపలు. గాలం వేసిన నిమిషానికే పడింది. నేను కిర్రుమన్నాను, కానీ ఎవరి ముఖంలోనూ వెలుగు లేదు. ధర గాలిబోరె కంటే ఎక్కువ.

మరోసారి పులికాట్. తడ దగ్గర భీమునివారిపాలెం. పక్షుల రక్షిత ప్రాంతం గనక నన్ను సంచిలోంచి తీయనేలేదు. పడవ నడిపిన ముసలాయన వల వేస్తూ, రాయదొరువు దగ్గర సముద్రపు నోరు ఇసుకతో పూడుకుంటే సరస్సులోకి ఉప్పునీరు రాదని, అది రాకపోతే పండుగప్ప రాదని చెప్పాడు. రాజహంసల్లా నిలబడ్డ ఫ్లెమింగోలను చూపించాడు. ఆయన అడిగింది కొద్ది డబ్బు. మా ఆయన రెట్టింపు ఇచ్చాడు.

ఇదంతా మనవరాలితో నా మాటల్లో చెప్పలేను. చెప్పిందంతా తాతే. నేను ఆమె చేతిలో కూర్చుని విన్నాను. నానమ్మ వంటింటి గడపలో నిలబడి, గాలిబోరె నుంచి వచ్చిన వారానికి తనను నాగలాపురం తీసుకుపోయింది గుర్తుచేసింది. "ఆ పొద్దు ఈయన స్వామి ముందర నిలబడి, మొక్కేది మరిచిపోయి, తోకనే చూస్తా నిలబడె" అంది.

మనవరాలు ఫోను తీసి లాడ్జికి డయల్ చేసింది. అవతలివాళ్ళు గదుల సంగతి, ఏసీ సంగతి చెబుతున్నారు. తాత చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు.

"అయ్యా, మీ కాడ గైడు ఎవురు? ఏ వూరాయన? ఎన్నేండ్లుగా ఆ ఏటి కాడ ఉండాడు? పట్టింది వదిలిపెడతారా? ఆయన్నొకసారి పిలుస్తారా, మాట్లాడతా."

అవతల ఎవరినో పిలవడానికి వెళ్ళారు. మనవరాలు నా పిడిని మెల్లగా తిప్పింది. మీట ముందుకు నెట్టి దారాన్ని వేలితో లాగింది. సన్నగా కిర్రుమన్నాను. తాత ఫోను చెవికి ఆనించుకుని, గుడ్డతో నా అంచుల్ని తుడుస్తూ, ఆ మనిషి గొంతు కోసం ఎదురుచూస్తున్నాడు.