పోయేదేముంది?

డిసెంబరు వచ్చిందంటే ఎంఎస్ కలలు కనే ఇళ్లలో రెండు లెక్కలు మొదలవుతాయి: అబ్బాయి సీజీపీఏ, డాలరు రేటు. కన్సల్టెన్సీ ఆయన తెల్లకాగితం మీద మూడు గడులు గీస్తాడు. యాంబిషియస్, మోడరేట్, సేఫ్. మొదటి గడిలో స్టాన్‌ఫర్డ్.

"వస్తుందంటారా అండీ?" అంటాడు తండ్రి.

"వేసి చూద్దాం సార్, పోయేదేముంది?"

పోయేది దరఖాస్తు ఫీజు 125 డాలర్లు. మన లెక్కలో పదివేల పైమాటే. సీటు రాకపోతే తిరిగివ్వరు.

ఇక ఎస్‌ఓపీ, అంటే ఈ చదువు ఎందుకో చెప్పుకునే వ్యాసం. "చిన్నప్పుడు తాతయ్య రేడియో విప్పిన రోజే నాలో ఇంజినీరు మేల్కొన్నాడు" అని అబ్బాయి ఎత్తుకుంటాడు. అతను పుట్టేనాటికే ఇంట్లో రేడియో మూలపడింది. సిఫార్సు లేఖా స్వహస్తమే: "నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి విద్యార్థిని చూడలేదు." ప్రొఫెసరుగారు కళ్లుమూసుకుని సంతకం పెట్టారు. నిజమే మరి, ఆ అబ్బాయిని క్లాసులో ఆయన ఎన్నడూ చూడలేదు!

ఆఖరున చిలుకూరు బాలాజీ గుడి. మొక్కుకుని 11 ప్రదక్షిణలు, ఫలిస్తే 108. అక్కడ మాత్రం దరఖాస్తు ఫీజు లేదు.

ఇంతకీ స్టాన్‌ఫర్డ్‌కు వేయాలా, వద్దా? అక్కడ ఎవరి దగ్గర, ఏం చదవాలో చెప్పగలిగితే నిక్షేపంగా వేయండి. చుట్టాల ముందు చెప్పుకునే పేరు కోసమే అయితే, ఆ పేరున్న టీషర్టు అంతకంటే చవగ్గా దొరుకుతుంది.