పాప్‌కార్న్ తేల్చిన పెద్దలకు విమాన ప్రయాణికుడి విన్నపం

మహారాజశ్రీ జీఎస్టీ కౌన్సిల్ పెద్దల దివ్యసముఖమునకు,

విషయం: విమాన ఇంధనాన్ని పాప్‌కార్న్ పాటిగానైనా పట్టించుకోమని వేడుకోలు.

అయ్యలారా, అమ్మలారా!

2024 డిసెంబరులో జైసల్మేర్‌లో మీరు ఒక జటిల సమస్యను విడమర్చారు. ఉప్పూకారం చల్లి విడిగా అమ్మే పాప్‌కార్న్‌కు 5 శాతం, దాన్నే ప్యాకెట్లో పెట్టి లేబుల్ అంటిస్తే 12, పంచదార పాకం పడితే 18 అని అప్పుడు తేల్చారు. మీ సూక్ష్మదృష్టికి నమస్కారం. అదే సమావేశంలో విమాన ఇంధనాన్ని జీఎస్టీలోకి తెద్దామన్న మాటా వచ్చింది. రాష్ట్రాలు ససేమిరా అన్నాయి. అంతటితో సరి.

నేను చెన్నైలో పొట్టపోసుకుంటున్న విశాఖవాణ్ని. పండక్కి రైలు బుకింగ్ తెరిచిన కాసేపటికే వెయిటింగ్ లిస్టు పలకరిస్తుంది. ఇక విమానమే దిక్కు. చవగ్గా దొరకాలని మంగళవారమో బుధవారమో వెతుకుతాం, తెల్లవారుజాము ఫ్లైటుకు సిద్ధపడతాం, సామాను 15 కిలోలకు కుదిస్తాం, కిటికీ సీటు ఆశ వదులుకుంటాం. తీరా డబ్బు కట్టే చోట ‘కన్వీనియెన్స్ ఫీజు’ ఎదురవుతుంది. ఫోను నాది, నెట్ నాది, టైపు చేసిన వేళ్లు నావి. సౌకర్యం ఎవరిదో మరి!

అలాగని విమాన సంస్థల్నే ఆడిపోసుకోలేను. వాటి ఖర్చులో దాదాపు 40 శాతం దాకా ఇంధనానిదే. దాని ధరను చమురు కంపెనీలు ప్రతి నెలా 1న మారుస్తాయి. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, 2022 జూన్‌లో ఢిల్లీలో వెయ్యి లీటర్లు లక్షా 41 వేలు పలికింది. యుద్ధాలు మీ చేతిలో లేవు, ఒప్పుకుంటాను. పన్నులో?

ముందు కేంద్రం 11 శాతం ఎక్సైజ్ వేస్తుంది. అది కలిసిన ధర మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. కొన్ని రాష్ట్రాల్లో అది 1 శాతమే, మా తమిళనాడులో 29. ఆపైన ఎకానమీ టికెట్టు మీద 5 శాతం జీఎస్టీ. ఇంధనం మీద కట్టిన పన్నుకు విమాన సంస్థకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు కాబట్టి ఆ భారమంతా టికెట్టులోకే దిగుతుంది. పైగా ఇవన్నీ శాతాల లెక్క. ఇంధనం మండిపోయిన నెలలో మేం ప్రయాణం మానుకుంటే, ఖజానాకు లీటరుకు ఇంకాస్త ఎక్కువ ముడుతుంది.

రాష్ట్రానికో తీరుగా ఉన్న ఈ వ్యాట్ సంగతి పైలట్లకు బాగా తెలుసు. పన్ను తక్కువున్న ఊళ్లో ట్యాంకు దండిగా నింపుకుని, పన్ను ఎక్కువున్న ఊళ్లో దిగుతారు. ఆ అదనపు బరువు మోయడానికి మరికొంత ఇంధనం తగలబడుతుంది. 29 శాతం వేసిన రాష్ట్రానికి ఆ మేరకు రాబడీ రాదు.

2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకంలో కడప–హైదరాబాద్ విమానం ఎగిరిన రోజు, గంట ప్రయాణం 2,500 రూపాయలకే అన్నారు. హవాయి చెప్పులవాడూ విమానమెక్కాలన్నారు. ఎక్కాలనే ఉంది. చెప్పులున్నాయి, టికెట్టే అందడం లేదు.

కనుక మనవి చేసుకునేది రెండే. ఇంధనాన్ని జీఎస్టీలోకి తెచ్చి క్రెడిట్ ఇవ్వండి. అందాకా, వ్యాట్‌ను శాతంలో కాక లీటరుకింత అని నిర్ణయించేలా రాష్ట్రాలను ఒప్పించండి. చేతిలో మిగిలిన కాసిని పన్నుల్నీ వదులుకోవాలంటే రాష్ట్రాలకు భయం ఉండటం సహజమే. నష్టం ఎంతో లెక్కగట్టి, పూడ్చే దారి మీరే చూపండి.

ఇంధనాన్ని జీఎస్టీలోకి తేవడానికి కొత్త రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. విమాన ఇంధనం మీద జీఎస్టీ ఏ తేదీ నుంచి వేయాలో సిఫార్సు చేసే అధికారం 279ఎ అధికరణం మీకే ఇచ్చింది. కౌన్సిల్ ఓట్లలో మూడింట రెండొంతుల విలువ రాష్ట్రాలది. ఆ బల్ల దగ్గర రెండు తెలుగు రాష్ట్రాలకూ కుర్చీలున్నాయి. వచ్చే సమావేశంలో ముందు ఆ ఇద్దరూ చెయ్యెత్తాలి.

ఇట్లు,
మధ్య సీటు ప్రయాణికుడు