స్టూడియో పంచాంగ శ్రవణం

ఉగాది పంచాంగ శ్రవణం ఏడాదికి ఒక్కసారే. ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని పంతులుగారు చదివితే జనం వినేవారు. నచ్చితే నమ్మేవారు, నచ్చకపోతే పచ్చడి తిని ఇంటికొచ్చేవారు. ఇప్పుడు తెలుగునాట ఇదే శ్రవణం రోజుకు పలుమార్లు ఫోన్లో జరుగుతోంది. దాని పేరు యూట్యూబ్ స్టూడియో. ఆదాయం డాలర్లలో కనిపిస్తుంది, రాజపూజ్యం సబ్‌స్క్రైబర్లలో కనిపిస్తుంది. అవమానానికీ గడి ఉంది: 2021 నవంబరులో డిస్‌లైకుల లెక్కను లోకానికి కనపడకుండా దాచేశారు గానీ, ఛానల్ యజమానికి మాత్రం స్టూడియోలో చూపిస్తూనే ఉన్నారు. లేనిది వ్యయం గడి ఒక్కటే. రింగ్ లైటు, కాలర్ మైకు, ఇంట్లోవాళ్ల ఓపిక ఏ ట్యాబ్ నొక్కినా కనపడవు.

స్టూడియోను తప్పు పట్టడం అన్యాయం. పాత క్రియేటర్ స్టూడియో స్థానంలో వచ్చిన ఈ పనిముట్టు చేసేది ముఖ్యంగా ఒక్కటే, జరిగిపోయినదాన్ని లెక్క కట్టి చూపడం. ఎవరు చూశారు, ఎంతసేపు చూశారు, ఎక్కడి నుంచి వచ్చారు, ఏ క్షణంలో విసిగి వెళ్లిపోయారు. గొడవంతా దాన్ని చదివి భవిష్యత్తు చెప్పే గ్రోత్ గురువులతో వచ్చింది. ‘ఈ ఒక్క సెట్టింగ్ ఆన్ చేస్తే ఛానల్ గ్రో అవుతుంది’ అనే వీడియో చూడని కొత్త యూట్యూబర్ అరుదు. ఆ సెట్టింగేమిటో చివర్లో గానీ చెప్పరు. చివరిదాకా వెళ్తే అది ఛానల్ కీవర్డ్సో, అప్‌లోడ్ డీఫాల్ట్సో అయి ఉంటుంది. ఆన్ చేసినవాడి ఛానల్ ఎక్కడిదక్కడే ఉంటుంది, చెప్పినాయన వాచ్ టైమ్ మాత్రం పెరుగుతుంది. ఒకరకంగా మాట నిలబెట్టుకున్నట్టే. ఎవరి ఛానల్ గ్రో అవుతుందో ఆయన ముందు చెప్పలేదు కదా!

ముందు ముహూర్తం సంగతి చూద్దాం. ఆడియన్స్ ట్యాబ్‌లో మన ప్రేక్షకులు ఏ రోజు, ఏ గంటకు యూట్యూబ్‌లో ఎక్కువగా ఉంటారో ఊదారంగు గీతల్లో కనిపిస్తుంది. రంగు ముదిరితే జనం ఎక్కువని అర్థం. గురువుగారు ఇది చూసి లగ్నం కడతారు. గురువారం సాయంత్రం ఆరున్నరకే పెట్టాలట, ఏడు దాటితే ఆల్గారిదం మొహం తిప్పేసుకుంటుందట. పెళ్లి ముహూర్తానికైనా కాస్త అటూ ఇటూ సర్దుకుంటారు, దీనికి ఆ వెసులుబాటు కూడా లేదు. యూట్యూబ్ సహాయ పేజీల్లో మాత్రం, పెట్టిన వేళకూ వీడియో దీర్ఘకాల ఫలితానికీ నేరుగా సంబంధం ఉన్నట్టు తెలియదని రాసుంది. లైవో, ప్రీమియరో అయితే వేళ చూసుకోవడంలో అర్థముంది. దోసకాయ పప్పు ఎలా చేయాలో జనం దోసకాయ కొన్న రోజున వెతుక్కుంటారు.

ట్యాగులది ఇంకో వైభవం. 500 అక్షరాలు పట్టే పెట్టె కనిపిస్తే ఖాళీగా వదలడానికి తెలుగువాడికి మనసొప్పదు. ఆవకాయ వీడియో కింద తెలుగు వంటలు, అమ్మమ్మ ఆవకాయ అయిపోయాక ప్రభాస్, బిగ్‌బాస్, ఈరోజు బంగారం ధర కూడా చేరతాయి. వీడియోను జనం కనుక్కోవడంలో ట్యాగుల పాత్ర చాలా తక్కువనీ, తరచూ తప్పుగా టైపు చేసే పేర్లుంటే మాత్రం కొంత పనికొస్తాయనీ యూట్యూబే చెబుతోంది. సంబంధం లేనివి కుక్కితే నిబంధనల ఉల్లంఘన అవుతుందని కూడా చెబుతోంది. అయినా ప్రభాస్ కోసం వచ్చినవాడు ఆవకాయ జాడీ చూసి ఎంతసేపు ఉంటాడు? వాడు వెనక్కి తిరగడమూ లెక్కకెక్కుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నిద్రలు పాడుచేసేది ర్యాంకు. కొత్త వీడియోను ఈమధ్య పెట్టిన పదింటి వరుసలో నిలబెట్టి, అంతే సమయంలో ఎవరికెన్ని వ్యూస్ వచ్చాయో చూసి, ఇది 10లో 3, ఇది 10లో 10 అని స్టూడియో ప్రకటిస్తుంది. 10లో 10 అని పడిన రాత్రి యూట్యూబర్ ఇంట్లో అన్నం సయించదు. ఛానల్ ఫ్రీజ్ అయిందని ఒకరు, షాడో బ్యాన్ పడిందని ఇంకొకరు, పాత వీడియోలు డిలీట్ చేస్తే దోషం పోతుందని మరొకరు. పది మందిని వరుసలో నిలబెడితే ఎవరో ఒకరు పదోవాడు కాక తప్పదు. పదీ గొప్పగా ఆడినా ఒకటి ఆఖరుదే, పదీ దుమ్ము కొట్టుకుపోయినా ఒకటి మొదటిదే. నాలుగో తరగతి పిల్లవాడికి తెలిసే ఈ లెక్క ఎంబీఏ చదివి ఉద్యోగం మానేసి ఛానల్ పెట్టినాయనకు రాత్రి పదకొండింటికి తట్టదు.

సీటీఆర్‌తో ఆట ఇంకా తమాషాగా ఉంటుంది. థంబ్‌నెయిల్ కనపడిన ప్రతి వందసార్లకు ఎన్నిసార్లు నొక్కారన్నది ఈ శాతం. యూట్యూబ్‌లో సగం ఛానళ్లకూ వీడియోలకూ ఇది 2 నుంచి 10 శాతం మధ్యే ఉంటుందని ఆ సంస్థే రాసిపెట్టింది. మొదటి గంటలో వీడియో కనపడేది ఎక్కువగా ఛానల్‌ను ముందునుంచీ ఎరిగినవాళ్లకు, కాబట్టి శాతం ఘనంగా ఉంటుంది. వీడియో బాగుండి, ముక్కూమొహం తెలియని వేలమందికి చూపించడం మొదలైతే శాతం పడిపోతుంది. అంటే చాలాసార్లు సీటీఆర్ తగ్గడం వీడియో ఊరు దాటిందనడానికి గుర్తు. సరిగ్గా అప్పుడే గురువుగారు ‘పడిపోతోంది, థంబ్‌నెయిల్ మార్చేయండి’ అంటారు. బాగా నడుస్తున్న వీడియోకు నోరు తెరిచిన మొహం, ఎర్ర బాణం, పసుప్పచ్చ సున్నా వచ్చి చేరతాయి. ‘రాత్రి ఆ గుడిలో ఏం జరుగుతుందో తెలిస్తే వణికిపోతారు’ అని దానిమీద రాస్తారు. లోపలికి వెళ్లి చూస్తే రాత్రి ఆ గుడికి తాళం వేస్తారని తెలుస్తుంది.

ఈ విద్యకు విరుగుడు కూడా యూట్యూబే పెట్టింది. వ్యూస్‌ను బట్టి సిఫార్సులు చేస్తుంటే బొమ్మ చూపి మోసం చేసేవాళ్లే గెలుస్తున్నారని 2012లో కొలతను వాచ్ టైమ్ వైపు మార్చింది. స్టూడియోలో మూడు థంబ్‌నెయిళ్ల దాకా పోటీ పెట్టే సౌకర్యం ఉంది. దాంట్లో గెలుపు ఎక్కువ నొక్కులకు కాదు, ఎక్కువ వాచ్ టైమ్ తెచ్చినదానికి. శీర్షికలో ఒకటి, వీడియోలో ఇంకొకటి పెట్టేవాళ్ల మీద భారతదేశంలో చర్యలు గట్టిపరుస్తామని 2024 డిసెంబరులో ప్రకటించింది కూడా. నోరు తెరిచిన మొహాలు మాత్రం ఇంకా మూతపడలేదు.

వాచ్ టైమ్ కొలతైన నాటి నుంచి వీడియోలు సాగడం మొదలైంది. మధ్యలో ప్రకటనలు రావాలంటే ఒకప్పుడు 10 నిమిషాల నిడివి కావాల్సి వచ్చేది, 2020 జులైలో దాన్ని 8 చేశారు. ఆ తర్వాత నిమ్మకాయ పులిహోర ఎంత త్వరగా కలిపినా 8 నిమిషాల 4 సెకన్లు పడుతోంది. హాయ్ ఫ్రెండ్స్‌తో మొదలై, అందరూ బాగున్నారా అని అడిగి, వెల్‌కమ్ బ్యాక్ చెప్పి, సబ్‌స్క్రైబ్ చేసి పక్కనే ఉన్న బెల్ ఐకాన్ నొక్కమని వేడుకుని, నిన్న జలుబు చేసిన సంగతి వివరించి, నిమ్మకాయ దాకా వచ్చేసరికి రెండు నిమిషాలు దాటుతుంది. జనం ఎంతదాకా చూశారో చూపే ఆ వీడియో రిటెన్షన్ గ్రాఫ్ తెరిచి చూడాలి. అరనిమిషానికే గీత గోడ దూకినట్టు పడిపోతుంది. తర్వాత నేలబారుగా సాగుతూ ఒక్కచోట చటుక్కున లేస్తుంది. ఎన్ని కాయలు, ఎంత ఉప్పు అన్నది గబగబా అనేసిన చోటది. జనం వెనక్కి జరుపుకుని మళ్లీ విన్నారు. స్టూడియో మొత్తంలో యూట్యూబర్‌కు నిజంగా పనికొచ్చేది ఈ గీత: కొలతలు నిదానంగా చెప్పు తల్లీ, జలుబు సంగతి మాకొద్దు అని ప్రేక్షకులు మొహమాటం లేకుండా చెప్పినట్టే. గురువుగారి పాఠంలో దీనికి చోటు తక్కువ, ఎందుకంటే దీన్ని చదవడానికి గురువు అక్కర్లేదు.

ఇక 4,000 గంటల యజ్ఞం. 2018 నుంచీ ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గత 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. ఇప్పుడైతే ఆ గంటలకు బదులు 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ వచ్చినా చాలు. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు సగటున రెండు నిమిషాలు చూస్తారనుకుంటే 1,20,000 వ్యూస్ కావాలి. ఈ లెక్క చేసినవాడు వీడియో బాగా తీయడం మీద పడాలి. చేయనివాడు సబ్ ఫర్ సబ్ గ్రూపుల్లో పడతాడు. నువ్వు నా ఛానల్‌కు, నేను నీ ఛానల్‌కు. ఇద్దరం ఒకరి వీడియో ఒకరం చూడం. దీన్ని యూట్యూబ్ నకిలీ ఎంగేజ్‌మెంట్ అంటుంది. వాచ్ అవర్స్ కిలోల లెక్కన అమ్మేవాళ్లూ ఉన్నారు. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఈ 4,000లో కలవదని చాలామందికి షార్ట్స్ పెట్టిపెట్టి అలిసిపోయాక తెలుస్తుంది. గడప దాటాక యాడ్‌సెన్స్ 10 డాలర్లకు చేరితే చిరునామా రుజువుకు పిన్ నంబరున్న ఉత్తరం పోస్టులో వస్తుంది. ఇంతటి కృత్రిమ మేధ యుగంలో కొత్త యూట్యూబర్ కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసేది ఊరి పోస్టుమ్యాన్ కోసమే. తర్వాత ఖాతాలో 100 డాలర్లు నిండితే గానీ బ్యాంకులో పైసా పడదు.

ఈ శాస్త్రం లేకుండానే జనానికి పట్టినవి తెలుగులో తక్కువేం కాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షోను తెలంగాణ దాటించింది అందులో కనిపించే గంగవ్వ మాట, ఆ మాటలోని పెడసరం. గుంటూరు వైపు పొలాల్లో కట్టెల పొయ్యి మీద వండిన మస్తానమ్మ నూరేళ్లు దాటాక కెమెరా ముందు కూర్చుంది, 2018 డిసెంబరులో కన్నుమూసేనాటికి ఆమె వంటల ఛానల్‌కు పది లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లున్నారు. ఆమెలా పుచ్చకాయలో కోడికూర వండాలన్నది ఏ కీవర్డ్ పరిశోధనలోనూ తేలదు. వాళ్ల వెనక కెమెరా పట్టిన కుర్రాళ్లు స్టూడియో చూడలేదని కాదు, చూసే ఉంటారు. కాకపోతే చూసొచ్చి గంగవ్వను నోరు తెరిచి ఆశ్చర్యపొమ్మని చెప్పలేదు. ఇంపాక్ట్, రీచ్ అంటూ మాట్లాడేవాళ్లెవరూ ఆ రెండు మొహాలను ముందుగా ఎంపిక చేసి ఉండరు.

గ్రోత్ కోర్సుకు డబ్బు కట్టాలనుకునేవారికి ఒక మనవి. ఫోన్‌పే తెరవక ముందు ఆ గురువుగారి ఛానల్‌కు వెళ్లండి. యూట్యూబ్‌లో ఎలా ఎదగాలన్నది కాక వేరే ఏ విషయం మీదైనా ఆయన వీడియోలున్నాయా, ఉంటే వాటికి ఎన్ని వ్యూస్ వచ్చాయో చూడండి. ఆ తర్వాత కూడా కట్టాలనిపిస్తే కట్టండి.